వ్యాయామం తర్వాత గ్లైకోజెన్ కొలతలు చెల్లాచెదురుగా వస్తున్నాయి: లోపం బయాప్సీలోనా, బెంచి మీదా?

రికవరీ_ల్యాబ్:

శిక్షణ పొందిన సైక్లిస్టుల మీద క్రాసోవర్ (ప్రతి మనిషీ అన్ని విడతలూ చేసే) పైలట్ నడుస్తోంది. కండరాల్లో గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర) బాగా తగ్గేదాకా తొక్కించి వెంటనే ఒక బయాప్సీ, 4 గంటల తర్వాత ఇంకోటి, రెండూ తొడ బయటివైపు ఉండే వాస్టస్ లేటరాలిస్ కండరం నుంచే. ఈ 4 గంటల్లో ఒక విడత గంటకు కిలో శరీర బరువుకి 0.8 గ్రాముల కార్బోహైడ్రేట్ ఇస్తున్నాం. రెండో విడత అదే 0.8 గ్రాములకు తోడు 0.4 గ్రాముల ప్రోటీన్. అరగంటకో మోతాదు.

కొలిచే పద్ధతి: ముక్కను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి -80 డిగ్రీల్లో దాచి, తర్వాత రాత్రంతా ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టి ఉండగానే నీరు తీసేయడం) చేస్తున్నాం. పొడి చేసి, 2 మి.గ్రా. తూచి, 500 మైక్రోలీటర్ల 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గ్లైకోజెన్ గ్లూకోజ్‌గా విడిపోయేలా 100 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచుతున్నాం. చల్లారాక 500 మైక్రోలీటర్ల 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతాం. అందులోంచి 10 మైక్రోలీటర్లు తీసి 200 మైక్రోలీటర్ల గ్లూకోజ్‌ని కొలిచే హెక్సోకైనేజ్ (ఎంజైమ్) రీయేజెంట్‌లో వేసి ప్లేట్ రీడర్‌లో 340 నానోమీటర్ల దగ్గర చదవడం.

4 గంటల్లో పెరుగుదల సగటున కిలో పొడి బరువుకి 90 మిల్లీమోల్ దాకా వస్తోంది. కానీ దాని ప్రామాణిక విచలనమే 70. ఇద్దరిలోనైతే 4 గంటల విలువ మొదటిదానికంటే తక్కువ! ఒకే పొడిని రెండుసార్లు తూచి చేస్తే సీవీ (సగటులో శాతంగా విచలనం) 11%. రెండో బయాప్సీ మొదటి కోతలోంచే, సూదిని వేరే కోణంలో దించి తీస్తున్నారు. మనిషికి కోతలు తక్కువ పడాలని అలా పెట్టుకున్నాం.

అసలు పరీక్ష మొదలుపెట్టకముందే ఏది సరిచేయాలి? కిట్ మార్చాలా, మనుషుల సంఖ్య పెంచాలా?

---

పిపెట్_పట్టినవాడు:

కిట్ జోలికి పోకండి, దాని తప్పేం లేదు. కాకపోతే ఒకే పొడికి 11% అంటే చాలా ఎక్కువ. ఈ పద్ధతిలో 5% లోపు రావాలి, చెయ్యి కుదిరితే 3% కూడా వస్తుంది.

చివరి అడుగు చూడండి: శాంపిల్ ఏదైనా 10 మైక్రోలీటర్లే తీస్తున్నారు. విశ్రాంతిలో ఉన్న కండరంలో కిలో పొడి బరువుకి 400 మిల్లీమోల్ ఉందనుకోండి. 2 మి.గ్రా.లో 0.8 మైక్రోమోల్. ఒక మిల్లీలీటర్‌లో 0.8 మిల్లీమోలార్. అందులో 10 మైక్రోలీటర్లు మొత్తం 210లో పడితే 0.038 మిల్లీమోలార్. ఈ చర్యలో గ్లూకోజ్‌కి సమానంగా పుట్టే ఎన్ఏడీపీహెచ్‌కి 340 దగ్గర కాంతి శోషణ గుణకం 6.22 కాబట్టి 1 సెం.మీ. క్యూవెట్‌లో 0.237. 96 గుంటల ప్లేట్‌లో 210 మైక్రోలీటర్ల లోతు దాదాపు 0.6 సెం.మీ., అంటే చేతికొచ్చేది 0.14. ఇది ఫర్వాలేదు.

ఇప్పుడు వ్యాయామం ముగిసిన క్షణం తీసిన శాంపిల్. అందులో 80 ఉంటే రీడింగ్ 0.028. ప్లేట్ అడుగున ఒక గీత, గుంటలో చిన్న బుడగ, ఏదైనా 0.005 తేడా తెచ్చేస్తుంది. 0.14లో 0.005 అంటే మూడున్నర శాతం, 0.028లో అదే 18%. మీ మొదటి బయాప్సీలన్నీ ఈ అడుగు మెట్టు మీదే ఉన్నాయి. తక్కువ ఉంటుందని తెలిసిన శాంపిళ్ల నుంచి 40 మైక్రోలీటర్లు తీయండి, రీడింగ్ 0.11 దాకా లేస్తుంది. గ్లూకోజ్ స్టాండర్డ్లు కూడా 0.05 నుంచి 1 మిల్లీమోలార్ దాకా పరిచి, నీళ్లలో కాకుండా 0.5 మోలార్ ఉప్పు ద్రావణంలో చేసుకోండి. మీ ఆమ్లం, క్షారం కలిసి చివరికి మిగిల్చేది ఆ ఉప్పే కదా.

ప్రతి గుంటకూ దాని బ్లాంక్ దానికే ఉండాలి. హెక్సోకైనేజ్ తప్ప మిగతావన్నీ ఉన్న రీయేజెంట్ ముందు వేసి ఒకసారి చదవండి. తర్వాత హెక్సోకైనేజ్ వేసి, రీడింగ్ పెరగడం ఆగేదాకా చదవండి, 10–15 నిమిషాల్లో ఆగాలి. ఆగకుండా మెల్లగా ఎక్కుతూనే ఉంటే పీహెచ్ అనుమానించండి. 1 మోలార్ అని సీసా మీద రాసి ఉన్నంత మాత్రాన రెండూ సమంగా కలిసి 7 దగ్గర ఆగవు. పాతబడ్డ క్షారం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ పీల్చుకుని బలం తగ్గి ఉంటుంది. శాంపిల్ లేని ట్యూబులో కలిపి చూసి, ఎంత క్షారం కావాలో ముందే తేల్చుకోండి. తర్వాత ప్రతి శాంపిల్ నుంచీ ఒక మైక్రోలీటర్ పీహెచ్ కాగితం మీద వేస్తే చాలు.

ఆవిరి సంగతి. మామూలు స్నాప్ మూత ట్యూబులు 100 డిగ్రీల్లో 2 గంటలు ఆగవు, మూత లేస్తుంది. 500లో 100 మైక్రోలీటర్లు పోయాయంటే చివరి ఘనపరిమాణం 1000 కాదు, 900. జవాబు 11% ఎక్కువ చూపిస్తుంది, అదీ మూత లేచిన ట్యూబులో మాత్రమే. రబ్బరు వలయం ఉన్న స్క్రూ మూతలు వాడండి. వేడికి ముందూ తర్వాతా ట్యూబు తూచి, తగ్గినంత నీళ్లు పోయండి.

పొడి గురించి మీరు ఒక మాట రాయలేదు: ఫ్రీజ్ డ్రై అయ్యాక మైక్రోస్కోపు కింద రక్తం, కొవ్వు, తెల్లటి పీచు ఏరుతున్నారా? ఆ పీచు పొడి కాదు, పట్టకారుతో నొక్కితే తీగలా సాగుతుంది. అందులో గ్లైకోజెన్ ఉండదు గానీ బరువు ఉంటుంది. ఒక 2 మి.గ్రా.ల్లో అది పదో వంతు ఉండి రెండో దాంట్లో లేకపోతే, మీ 11% చాలావరకు అక్కడే దొరుకుతుంది.

రాత్రంతా ఫ్రీజ్ డ్రై సన్న ముక్కలకు సరిపోతుంది, మందపాటివాటికి చాలదు. తూచి, మళ్లీ రెండు గంటలు పెట్టి, మళ్లీ తూచండి. బరువు మారకపోతే అయినట్టు. ఆరిన పొడి తేమను వెంటనే లాగేస్తుంది, కాబట్టి డ్రయ్యర్ నుంచి నేరుగా సిలికా జెల్ పెట్టెలోకి. ఫ్రీజర్ నుంచి తీసిన ట్యూబు గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు.

ప్రతి బ్యాచ్‌లో రెండు కంట్రోళ్లు. ఒకటి, తెలిసినంత గ్లూకోజ్‌ని ఆమ్లంలో పోసి అదే 2 గంటలు వేడి చేయడం. ఎంత నష్టపోయిందో తెలుస్తుంది. రెండోది శుద్ధి చేసిన గ్లైకోజెన్. సీసాలోని గ్లైకోజెన్‌లో తేమ ఉంటుంది, దాన్నీ ఆరబెట్టి తూచకపోతే రికవరీ (వేసిన దాంట్లో తిరిగి దొరికింది) 90% వచ్చిందని అనవసరంగా కంగారుపడతారు.

---

వాస్టస్:

పై జవాబులో ప్రతి మాటా నిజమే, కానీ అదంతా సరిచేసినా మీ 70 పెద్దగా తగ్గదు. లెక్క చూడండి. మొదటి విలువ 100, రెండోది 190 అనుకుని, రెండింటికీ 11% పొరపాటు ఇద్దాం: 11, 21. తేడాలో పొరపాటు ఈ రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం, అంటే 24. మీ 70 వర్గం 4900. అందులో 24 వర్గం 576 తీసేస్తే మిగిలేది 4300 పైచిలుకు, వర్గమూలం 66. కెమిస్ట్రీ మొత్తం పరిపూర్ణమైనా విచలనం 66 దగ్గర కూర్చుంటుంది. అడుగు మెట్టు శాంపిళ్లకు 18% వేసుకున్నా 64 దాకా దిగుతుందేమో, అంతే.

ఆ 66లో కొంత మనుషుల మధ్య నిజమైన తేడా. మిగతాది సూది దగ్గర, అంతకుముందు సైకిల్ మీద.

నన్ను అడిగితే ముందు ఆపాల్సింది అదే కోతలోంచి రెండో బయాప్సీ తీయడం. కోణం మార్చినా సూది కొన తిరిగేది మొదటిసారి నలిగిన మేరలోనే. అక్కడ రక్తం గూడుకట్టి ఉంటుంది, వాపు ఉంటుంది. నీళ్ల వాపును పొడి బరువు కొట్టేస్తుంది, నిజమే. కానీ రక్తకణాలు, ప్లాస్మా ప్రోటీన్లు ఆరినా పోవు, బరువులో కలుస్తాయి. దానికి మించి, బయాప్సీ తీసిన చోట గ్లైకోజెన్ తిరిగి చేరడమే మందగిస్తుందని కాస్టిల్ బృందం 1988లో చూపింది. 4 గంటల విలువ మొదటిదానికంటే తగ్గిన ఆ ఇద్దరి గురించి నా మొదటి అనుమానం ఇదే. రెండో కోత కనీసం 3 సెం.మీ. దూరంలో, మొదటిదానికి పైవైపు పెట్టండి. మొదటి విడతకి ఒక కాలు, రెండో విడతకి రెండో కాలు. ఏ కాలు ముందో చీటీ వేసి తేల్చండి. కోతల సంఖ్య రెట్టింపవుతుంది, ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టుకోవాల్సి వస్తుంది, తప్పదు.

మత్తు మందు చర్మానికీ, కండరం పైపొరకీ మాత్రమే, కండరంలోకి దిగకూడదు. మొదటి బయాప్సీకి కోత, మత్తు వ్యాయామానికి ముందే సిద్ధం చేసి పైన కట్టు వేసి ఉంచితే, తొక్కడం ఆపిన నిమిషంలోపే ముక్క బయటికొస్తుంది. సూదికి సక్షన్ పెడుతున్నారా? పెడితే 100 మి.గ్రా. దాకా వస్తుంది. లేకపోతే చిన్న ముక్క, దాంట్లో పీచు పాలు ఎక్కువ.

ఇక మొదలయ్యే మట్టం. కండరం ఎంత ఖాళీ అయితే గ్లైకోజెన్ సింథేజ్ (గ్లైకోజెన్‌ను కట్టే ఎంజైమ్) అంత చురుగ్గా ఉంటుంది, నింపుకునే వేగం అంత ఎక్కువ. 80 దగ్గర మొదలైనవాడినీ 220 దగ్గర మొదలైనవాడినీ ఒకే సగటులో వేస్తే విచలనం పెరగక ఏమవుతుంది? "బాగా తగ్గేదాకా తొక్కించి" అని మాత్రమే రాశారు. ఎలా తొక్కించారు? స్థిరమైన వేగంతో అలసిపోయేదాకా అయితే ఒక్కొక్కరు ఒక్కో మట్టంలో ఆగుతారు. కైపర్స్ పద్ధతి తీసుకోండి: గరిష్ఠ శక్తిలో 90% దగ్గర 2 నిమిషాలు, 50% దగ్గర 2 నిమిషాలు, మార్చి మార్చి. 90% నిలబెట్టలేకపోతే దాన్ని 80%కి, అదీ ఆగకపోతే 70%కి దించాలి. 70% కూడా 2 నిమిషాలు నిలవనప్పుడు ఆపేయాలి. తీవ్రత ఎక్కువ కాబట్టి టైప్ 2 (వేగంగా సంకోచించే) తంతువులూ ఖాళీ అవుతాయి. స్థిర వేగంలో టైప్ 1 (నెమ్మదిగా సంకోచించేవి) ఖాళీ అయి టైప్ 2లో మిగిలిపోతే, మీ ముక్కలో ఏ తంతువులు ఎన్ని పడ్డాయన్న దాన్ని బట్టే విలువ మారిపోతుంది.

అంతకుముందు 48 గంటల ఆహారం రెండు విడతలకూ ఒకటే ఉండాలి. మొదటి విడతకు ముందు తిన్నది రాయించుకుని రెండో విడతకు అదే తినిపించడం కనీసం. ప్యాక్ చేసి ఇవ్వగలిగితే మంచిది. ముందు రోజు కఠిన వ్యాయామం వద్దు. ముఖ్యంగా కొండ దిగే పరుగు, బరువులు నెమ్మదిగా దించే వ్యాయామాల్లాంటివి తంతువులను దెబ్బతీస్తాయి, దెబ్బతిన్న కండరం గ్లైకోజెన్ సరిగా నింపుకోదు.

1966లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఇద్దరే, తమ మీద తామే చేసుకున్న ప్రయోగం ఇప్పటికీ నిలబడి ఉందంటే కారణం డిజైన్. తొక్కింది ఒక్క కాలితో, రెండో కాలు కంట్రోల్. రక్తం ఒకటే, ఆహారం ఒకటే, హార్మోన్లు ఒకటే. నిండింది తొక్కిన కాలిలోనే. మీ రెండు పానీయాలను ఒక మనిషికి ఒకేసారి ఇవ్వలేరు కాబట్టి ఆ సౌకర్యం మీకు లేదు, క్రాసోవర్‌నే గట్టిగా పట్టుకోవాలి. విశ్లేషణలో మొదటి బయాప్సీ విలువను కోవేరియేట్‌గా (ఫలితాన్ని దాన్ని బట్టి సవరించే అంశంగా) పెట్టండి, ఉత్త తేడాలు తీసి పోల్చొద్దు.

---

గంటకింత:

కొలతల సంగతి పైవాళ్లు చూసుకున్నారు. నాకు మీ పానీయాల పోలికే నచ్చలేదు.

0.8కి ప్రోటీన్ కలిపితే పెరుగుతుందని వాన్ లూన్ బృందం 2000లోనే చూపింది. గంటకు కిలో పొడి బరువుకి 0.8 ఒక్కటే అయితే దాదాపు 17 మిల్లీమోల్, 0.4 ప్రోటీన్ కలిస్తే 35. కానీ అదే పరీక్షలో మూడో విడత ఉంది: కార్బోహైడ్రేట్‌నే 1.2కి పెంచితే 45. ఆ మూడోది మీ దగ్గర లేదు. అది లేకుండా మీకు తేడా వచ్చినా అది ప్రోటీన్ వల్లా, అదనంగా పడిన కేలరీల వల్లా అని అడిగితే జవాబుండదు. రివ్యూయర్ మొదటి ప్రశ్న అదే అవుతుంది. అసలు 1.2 తాగేవాళ్లకి పైన ప్రోటీన్ కలిపినా గ్లైకోజెన్ నిండే వేగం ఇక పెరగదు. ప్రోటీన్ పనికొచ్చేది కార్బోహైడ్రేట్ తక్కువ పడినప్పుడు. కండరాల ప్రోటీన్ నిర్మాణం వేరే కథ, దానికి ఇవ్వాల్సిందే, కానీ మీరు కొలుస్తున్నది అది కాదు.

మీ సగటు 90ని 4తో భాగిస్తే గంటకు 22. అంటే పద్ధతి మరీ దారి తప్పలేదు.

ఎంతమంది కావాలన్నదానికి: పై అంకెల ప్రకారం రెండు విడతల మధ్య తేడా గంటకు 18, 4 గంటలకు 72. జత పోలికలో 80% పవర్‌కి (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం) స్థూలంగా 8 × (విచలనం ÷ తేడా) వర్గం, చిన్న సంఖ్యలకు పైన ఇద్దరిని కలుపుకోవాలి. ఇక్కడ విచలనం అంటే ఒకే మనిషిలో రెండు విడతల పెరుగుదలల మధ్య తేడాకి ఉన్న విచలనం, మీరు రాసిన 70 కాదు. అది 70 అయితే 10 మంది, 100 అయితే 17 లేదా 18 మంది. మూడో విడత పెట్టి 1.2తో పోలిస్తే తేడా గంటకు 10కి పడిపోతుంది, విచలనం 70 దగ్గరే ఉంటే అప్పుడు 27 మంది. కోతలు సరిచేసి విచలనం తగ్గించుకోవడం మనుషుల్ని పెంచడంకంటే చవక.

మోతాదుల విషయంలో: 70 కిలోల మనిషికి 1.2 అంటే అరగంటకు 42 గ్రాములు. 300 మి.లీ.లో కలిపితే 14%, 4 గంటల్లో 2.4 లీటర్లు. కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు ఖాయం. పైలట్‌లో రాసి పెట్టుకోండి, ఎందుకంటే పేగులోనే ఉండిపోయిన చక్కెర కండరానికి చేరలేదు. 3.5 గంటల దగ్గర ఇచ్చే చివరి మోతాదు కూడా బయాప్సీలోపు పెద్దగా చేరదు. అది మానేసి, మొదటి మోతాదును బయాప్సీ అయిన 5 నిమిషాల్లోపు ఇవ్వండి. కార్బోహైడ్రేట్ గ్లూకోజ్ లేదా మాల్టోడెక్స్‌ట్రిన్ అయి ఉండాలి. ఫ్రక్టోజ్ ఎక్కువగా కాలేయం వైపు పోతుంది. మొదలుపెట్టే సమయం ప్రతిసారీ ఒకటే ఉండాలి: 2 గంటలు ఆలస్యం చేస్తే ఆ తర్వాతి 2 గంటల్లో నిండే వేగం దాదాపు సగానికి పడిపోతుందని ఐవీ బృందం 1988లో చూపింది.

---

రికవరీ_ల్యాబ్:

కోతలు, మూడో విడత, కైపర్స్ పద్ధతి, మూడూ ప్రోటోకాల్‌లోకి వెళ్తున్నాయి. ఇంకో రెండు ప్రశ్నలు. పాత శాంపిళ్లలో ఒక్కోదానికి 5–8 మి.గ్రా. పొడి మిగిలి ఉంది. దాంట్లోనే ఫాస్ఫోక్రియాటిన్ (కండరంలోని తక్షణ శక్తి నిల్వ), లాక్టేట్ కూడా చూడమంటున్నారు. గ్లైకోజెన్ మళ్లీ చేయడానికీ సరిపోతుందా? రెండోది, 4 గంటల కొలతకి అల్ట్రాసౌండ్ వాడితే కోతలు తగ్గుతాయి కదా అని ఒక సూచన వచ్చింది.

---

పిపెట్_పట్టినవాడు:

సరిపోతుంది, వరుస తప్పకపోతే. ముందు పీచు ఏరండి, తర్వాతే తూకం. గ్లైకోజెన్‌కి 2 మి.గ్రా. పక్కన పెట్టి, ఇంకో 2 మి.గ్రా.ను మంచు మీద 0.5 మోలార్ పెర్క్లోరిక్ ఆమ్లంలో, 1 మిల్లీమోలార్ ఈడీటీఏతో 10 నిమిషాలు కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని పొటాషియం బైకార్బొనేట్‌తో తటస్థం చేయండి. ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్, క్రియాటిన్, లాక్టేట్ నాలుగూ దాంట్లోనే.

అడుగున మిగిలిన దాంతో గ్లైకోజెన్ చేసి పొడి ఆదా చేద్దామనిపిస్తుంది. చేయొద్దు. గ్లైకోజెన్‌లో ఒక భాగం పెర్క్లోరిక్ ఆమ్లంలో కరిగి పైకి పోతుంది, ఒక భాగం అడుగున ఉంటుంది. అడుగుది ఒక్కటే కొలిస్తే మొత్తం రాదు, పైగా ఆ రెండు భాగాల నిష్పత్తి గ్లైకోజెన్ నిండే కొద్దీ మారుతుంది కాబట్టి పొరపాటు ఒక దిశలోనే లాగుతుంది.

మొత్తం క్రియాటిన్ కొలవడం వల్ల ఇంకో ఉపయోగం ఉంది. క్రియాటిన్ సప్లిమెంట్ తీసుకోనివాళ్లలో అది కిలో పొడి బరువుకి 120 మిల్లీమోల్ దగ్గర ఉంటుంది, ఒకే మనిషిలో 4 గంటల్లో మారదు. ఒక శాంపిల్‌లో 124, అదే మనిషి రెండో శాంపిల్‌లో 105 వస్తే రెండోదాంట్లో కండరం కానిది 15% ఉన్నట్టు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ విలువల్ని ఆ మనిషి అత్యధిక మొత్తం క్రియాటిన్‌కి సరిచేయడం మామూలే. గ్లైకోజెన్‌కీ చేయొచ్చు, అయితే రెండూ తీసింది ఒకే పొడి నుంచి అయి ఉండాలి. 4 గంటల విలువ తగ్గిన ఆ ఇద్దరి శాంపిళ్లకి ముందు ఇది చేయండి. కోత దగ్గరి రక్తమా కాదా అన్నది అక్కడే తేలుతుంది.

లాక్టేట్, ఫాస్ఫోక్రియాటిన్ అంకెల్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. సూది బయటికొచ్చి నైట్రోజన్‌లో పడేదాకా పట్టిన సెకన్లు రాసి లేకపోతే ఆ రెండింటినీ నేను పేపర్‌లో పెట్టను. గ్లైకోజెన్ కొన్ని సెకన్లు తట్టుకుంటుంది, అవి తట్టుకోవు.

ఒక మనిషి శాంపిళ్లన్నీ ఒకే ప్లేట్‌లో, ఒకే రోజు.

---

వాస్టస్:

అల్ట్రాసౌండ్ వద్దు. అది చూసేది బూడిద రంగు తీవ్రత. గ్లైకోజెన్‌తో పాటు చేరే నీళ్లు, వ్యాయామం తర్వాత మారే రక్తప్రవాహం, వాపు, కొవ్వు అన్నీ దాన్ని మారుస్తాయి, మీ 4 గంటల కిటికీలో సరిగ్గా ఇవన్నీ మారుతుంటాయి.

కోతలు నిజంగా తగ్గించాలంటే కార్బన్-13 మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ ఒక్కటే దారి. కార్బన్‌లో సహజంగా ఉండే 1.1% కార్బన్-13తోనే గ్లైకోజెన్ శిఖరం 100.5 పీపీఎం దగ్గర కనిపిస్తుంది, ట్రేసర్ (బయటి నుంచి ఇచ్చే గుర్తు పదార్థం) అక్కర్లేదు. ముక్క బదులు కండరంలో పెద్ద భాగాన్ని కొలుస్తుంది, అదే మనిషిని 4 గంటల్లో ఎన్నిసార్లయినా కొలవొచ్చు. తంతువుల వారీగా చెప్పదు, కార్బన్ కాయిల్ ఉన్న స్కానర్, దాన్ని నడిపే మనిషి దొరకాలి. దొరికితే మొదట కొందరిలో రెండు పద్ధతులూ కలిపి చేసి, రెండూ ఒకే దిశలో కదులుతున్నాయో లేదో చూసుకుని అప్పుడు మారండి.